మట్టిలోని బ్యాక్టీరియాకు వెలుతురు ఏం చేస్తుంది: సీసాలో బురదతో, పెసర వేర్లతో చేసి చూసే పద్ధతి

రైజోబియం అంటే పెసర లాంటి పప్పుజాతి మొక్కల వేర్ల మీద బుడిపెలు కట్టి, గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బ్యాక్టీరియా. దాని కల్చర్ (బ్యాక్టీరియా కలిపిన పొడి) ప్యాకెట్ కొన్న రైతుకు ఒక మాట తప్పకుండా చెబుతారు: విత్తనానికి పట్టించాక నీడలో ఆరబెట్టండి, ఎండలో వద్దు. అదే రైతు వరి మడిలో నీళ్ల మీద పరుచుకునే నీలి ఆకుపచ్చ నాచు గాలిలోని నత్రజనిని పొలానికి అందిస్తుందనీ, దానికి ఎండ కావాలనీ కూడా వింటాడు. నాచు అని పిలుస్తాం గానీ అదీ బ్యాక్టీరియానే. ఒకదానికి ఎండ తిండి పెడుతోంది, ఇంకోదాన్ని చంపుతోంది. ఎందుకు?

ఈ ప్రశ్నకు జవాబు చదివి తెలుసుకోవచ్చు. కానీ కళ్లతో చూస్తే అది జీవితాంతం గుర్తుంటుంది. మైక్రోస్కోపు, ల్యాబు లేకుండా ఇంట్లో గానీ బడిలో గానీ చేయగల రెండు ప్రయోగాలు ఇక్కడ వివరిస్తున్నాను. మొదటిది వెలుతురు తిండి పెట్టడాన్ని చూపిస్తుంది, దానికి రెండు మూడు నెలలు పడుతుంది. రెండోది ఎండ చంపడాన్ని చూపిస్తుంది, దానికి ఐదు వారాలు చాలు.

మొదలుపెట్టే ముందు తెలియాల్సినవి

మట్టిలోకి వెలుతురు ఎంత లోతు పోతుందని అడిగితే చాలామంది అంగుళాల్లో చెబుతారు. నిజానికి లెక్క మిల్లీమీటర్లలోనే. నల్లరేగడిలో ఒక మిల్లీమీటరు దాటేసరికే దాదాపు చీకటి. ముతక ఇసుకలో ఇంకొన్ని మిల్లీమీటర్లు పోతుంది. అది కూడా నీలం వెలుతురు కన్నా ఎరుపు, పరారుణ కాంతి లోతుగా వెళ్తాయి. అంటే మట్టిలో ఉండే బ్యాక్టీరియాలో అత్యధిక భాగం వెలుతురు మొహం చూడకుండానే బతికేస్తుంది. వెలుతురు ప్రభావమంతా నేల పైపొర మీద, చెరువు అంచున, వరి మడి నీళ్లలో, దుక్కి దున్నినప్పుడు పైకి తిరగబడిన పెళ్లల మీద, కల్చర్ పూసిన విత్తనం మీద. ఆ పలచటి పొర కథే ఇది.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. మనం "ఎండ" అనే ఒక్క మాటలో మూడు వేరువేరు విషయాలు కలిపేస్తాం: వెలుతురు, వేడి, తడి ఆరిపోవడం. మన వేసవిలో ఏమీ కప్పని నేల పైభాగం 50 డిగ్రీలు దాటడం మామూలే. అక్కడ బ్యాక్టీరియా చచ్చిపోతే వెలుతురు చంపిందో, వేడి చంపిందో, నీళ్లు లేక చచ్చిందో ఊరికే చూసి చెప్పలేం. బడి ప్రదర్శనల్లో నేను చూసిన చాలా ప్రయోగాలు ఇక్కడే దెబ్బతిన్నాయి: ఒక కుండీ ఎండలో, ఒక కుండీ గదిలో పెట్టి, తేడా అంతా వెలుతురుదే అని రాసేశారు. కింద చెప్పే ప్రతి మెట్టులో ఈ మూడింటినీ విడదీయడమే అసలు పని. అందుకే ఒక మామూలు థర్మామీటరు తప్పనిసరి.

జాగ్రత్తలు కూడా ముందే. బురద తీసేటప్పుడు, కలిపేటప్పుడు చేతులకు గ్లవ్స్ వేసుకోండి. చేతి మీద గాయం ఉన్నవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు బురదను ముట్టుకోకపోవడమే మంచిది. తడి నేలల్లో మనిషికి ప్రమాదకరమైన బ్యాక్టీరియా కూడా ఉంటుంది. సీసా మూత గట్టిగా బిగించకూడదు, లోపల గ్యాస్ పుడుతుంది. కంపు కొట్టే ఆ గ్యాస్ హైడ్రోజన్ సల్ఫైడ్, దాన్ని దగ్గరగా పీల్చవద్దు. పని అయిపోయాక సీసాలోది ఆరుబయట గుంత తీసి పూడ్చి, సబ్బుతో చేతులు కడుక్కోండి. మట్టి బ్యాక్టీరియాను ఇంట్లో అగర్ ప్లేట్ల (ల్యాబుల్లో బ్యాక్టీరియాను పెంచే జెల్లీ పళ్లాల) మీద పెంచవద్దని కూడా నా సలహా. ఏం పెరిగిందో తెలియకుండా మూత తీయడం మంచిది కాదు. బురద సీసాలో ఉన్నది చెరువులో ఉన్న సమాజమే, అందుకే దాన్ని ఎంచుకున్నాను.

మొదటి ప్రయోగం: బురద సీసా

దీన్ని వినోగ్రాడ్‌స్కీ కాలమ్ అంటారు. 1856లో కీవ్‌లో పుట్టిన సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1880ల్లో గంధకం మీద బతికే బ్యాక్టీరియాను పరిశీలిస్తూ, వాటిని విడిగా కాకుండా అవి ఉండే బురదతో సహా చూడాలన్న ఆలోచన తెచ్చాడు. ఆ ఆలోచనను ఇప్పటికీ ప్రపంచమంతటా బడుల్లో ఒక గాజు గొట్టంలో చేసి చూపిస్తున్నారు.

కావలసినవి తక్కువే. ఒకే రకం పారదర్శకమైన లీటరు సీసాలు మూడు (వీలైతే ఐదు). చెరువు అంచున, నీళ్ల కింద ఉన్న నల్లటి బురద ఒక బకెట్. అదే చెరువు నీళ్లు. పాత న్యూస్‌పేపర్. కోడిగుడ్డు పెంకుల పొడి. జిప్సం. అల్యూమినియం ఫాయిల్, పలచటి పాలిథిన్ కవర్, రబ్బరు బ్యాండ్లు.

బురద ఎక్కడిదన్నది చాలా తేడా తెస్తుంది. కర్రతో కెలికితే బుడగలు వచ్చి, కుళ్లిన గుడ్డు వాసన వేసే చోటు మంచిది. ఆ వాసన ఉందంటే మనకు కావలసిన బ్యాక్టీరియా ఉన్నట్టే. వరి మడి బురద కూడా బాగా పనిచేస్తుంది. చెలక మట్టితోనూ చేయవచ్చు గానీ రంగులు ఆలస్యంగా, పలచగా వస్తాయి. కుళాయి నీళ్లు వాడవద్దు, క్లోరిన్ మొదటి రోజే నష్టం చేస్తుంది.

జిప్సం ఎరువుల షాపులో దొరుకుతుంది, వేరుశనగకు వేసేదే. అది కాల్షియం సల్ఫేట్, అంటే గంధకానికి మూలం. పెంకుల పొడి కాల్షియం కార్బొనేట్, బురద పులిసిపోకుండా కాస్తుంది, కార్బన్ కూడా ఇస్తుంది. బడిలో రాసే సుద్దముక్క కూడా కార్బొనేటే అనుకుంటారు గానీ చాలా సుద్దముక్కలు జిప్సంతో చేసినవి. సందేహం ఉంటే పొడి మీద నిమ్మరసం పిండండి. బుసబుస పొంగితే కార్బొనేట్. తాంబూలంలో వేసే సున్నం మాత్రం వద్దు, దాని ఘాటుకు బురదలోని ప్రాణులు తట్టుకోలేవు.

ముందు బురదలోంచి రాళ్లు, పుల్లలు, ఆకులు ఏరేయండి. చెరువు నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ దోసెపిండి జారుడుకు వచ్చేదాకా కలపండి. ఇందులో మూడో వంతు వేరే గిన్నెలోకి తీసి, దానిలో సన్నగా చింపిన కాగితం (సీసాకు న్యూస్‌పేపర్ అరపేజీ చొప్పున), సీసాకు ఒక చెంచా జిప్సం, ఒక చెంచా పెంకుల పొడి కలపండి. కాగితం ఎక్కువైతే గ్యాస్ పుట్టి బురద పగుళ్లిస్తుంది, కాబట్టి చెయ్యి బిగపట్టాలి. ఈ కలిపిన బురద అడుగున వేసి, పైన మామూలు బురద పోసి, సీసా ముప్పాతిక వంతు నింపండి. నేల మీద గుడ్డ పరిచి సీసాను మెల్లగా తడితే గాలి బుడగలు పైకి వస్తాయి. పైన రెండు మూడు అంగుళాలు చెరువు నీళ్లు, ఆపైన ఒక అంగుళం ఖాళీ. మూతకు బదులు పాలిథిన్ కప్పి రబ్బరు బ్యాండ్ వేసి, సూదితో ఒకటి రెండు చిల్లులు పెట్టండి.

అన్ని సీసాలూ ఒకే బకెట్ బురదతో, ఒకే రోజు, ఒకే ఎత్తుకు నింపాలి. ఒకటి ఇవాళ, ఒకటి రేపు అన్నారంటే పోల్చడానికి ఏమీ మిగలదు.

ఇప్పుడు వెలుతురు పని. మొదటి సీసాను అలాగే వదిలేయండి. రెండోదానికి చుట్టూ, అడుగున కూడా ఫాయిల్ చుట్టి చీకటి చేయండి. పైన మాత్రం గాలి ఆడేలా నల్లకాగితం టోపీ పెట్టండి. మూడోదానికి కూడా ఫాయిల్ చుట్టి, ఒక పక్క అగ్గిపెట్టె అంత కిటికీ కత్తిరించండి. నాకు మూడింటిలో ఇదే ఎక్కువ ఇష్టం. ఇందులో బురద ఒకటే, వేడి ఒకటే, నీళ్లు ఒకటే, సీసా కూడా ఒకటే. తేడా ఆ కిటికీలోంచి పడే వెలుతురు ఒక్కటే.

ఇంకో రెండు సీసాలుంటే ఒకదానికి ఎర్ర గ్లాసు పేపరు (బహుమతులకు చుట్టే పారదర్శకమైన రంగు కాగితం), ఒకదానికి నీలం గ్లాసు పేపరు రెండు పొరలుగా చుట్టండి. ఒక సంగతి గుర్తుంచుకోవాలి: ఈ రంగు కాగితాల్లోంచి మన కంటికి కనబడని పరారుణ కాంతి సాధారణంగా దాటిపోతుంది. అది ఎందుకు ముఖ్యమో కాసేపట్లో చెబుతాను.

సీసాలన్నీ వెలుతురు బాగా వచ్చే, నేరుగా ఎండ పడని కిటికీ దగ్గర వరుసగా పెట్టండి. ఉత్తరం వైపు కిటికీ అయితే మరీ మంచిది. నా మొదటి సీసాలను ఏప్రిల్‌లో డాబా మీద పెట్టాను. వారం తిరిగేసరికి ఎండలో ఉన్న సీసా లోపల 45 డిగ్రీలు చూపించింది, బురద ఉడికిపోయింది, మూడు నెలలు ఎదురుచూసినా ఒక్క రంగూ రాలేదు. 25 నుంచి 32 డిగ్రీల మధ్య ఉంటే చాలు. వానాకాలం చివర మొదలుపెట్టి సంక్రాంతికల్లా ముగించుకోవడం మన వాతావరణానికి సరిపోయే పద్ధతి. వారానికోసారి అన్ని సీసాల పక్కనా, ఫాయిల్ లోపల కూడా థర్మామీటరు పెట్టి రాసుకోండి. సీసాల మధ్య రెండు డిగ్రీల కన్నా ఎక్కువ తేడా ఉంటే చోటు మార్చండి.

కిటికీ వెలుతురు చాలకపోతే బల్బు పెట్టవచ్చు. ఇక్కడ ఒక చిక్కుంది. పాతకాలపు ఫిలమెంటు బల్బులో పరారుణ కాంతి దండిగా ఉంటుంది. ఎల్‌ఈడీ బల్బులో దాదాపు ఉండదు. మన సీసాలో ఊదా రంగు బ్యాక్టీరియాకు అదే ఎక్కువ ఇష్టం. ఎల్‌ఈడీ కింద పైన పచ్చదనం బాగా వచ్చి, ఊదా రంగు వెనకబడితే ఆశ్చర్యపోకండి. ఫిలమెంటు బల్బు దొరికితే కనీసం ఒకటిన్నర అడుగు దూరంలో పెట్టండి, వేడి తగలకుండా.

వారం వారం ఏం కనబడుతుంది

ప్రతి ఆదివారం ఒకే చోట నిలబడి ఫొటో తీయండి. సీసా మీద స్కేలు అతికిస్తే ఏ రంగు ఎన్ని సెంటీమీటర్ల దగ్గర ఉందో రాసుకోవచ్చు. చీకటి సీసా ఫాయిల్ తీసేటప్పుడు గదిలో లైటు ఆర్పి, అర నిమిషంలో చూసి మళ్లీ చుట్టేయండి.

మొదటి వారం అన్నీ ఒకేలా బూడిద రంగులో ఉంటాయి. రెండో వారం నుంచి అడుగున నల్లబడటం మొదలవుతుంది. అక్కడ ఆక్సిజన్ అయిపోయింది. మనం ఆక్సిజన్ పీల్చినట్టు సల్ఫేటును వాడుకునే బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది, అది బురదలోని ఇనుముతో కలిసి నల్లటి ఐరన్ సల్ఫైడ్ అవుతుంది. ఈ నలుపు చీకటి సీసాలోనూ వస్తుంది. దీనికి వెలుతురు అక్కర్లేదు. పిల్లలు "చీకట్లో ఏమీ పెరగలేదు" అని రాస్తే అక్కడ ఆపండి. చీకట్లో జీవం లేకపోవడం కాదు, మన కంటికి రంగు లేదు, అంతే.

మూడో వారం నుంచి వెలుతురు సీసా దారి మార్చుకుంటుంది. పైన నీళ్లలో, బురద పైపొర మీద పచ్చదనం వస్తుంది. అందులో నీలి ఆకుపచ్చ నాచు, అంటే సయనోబ్యాక్టీరియా ఉంటుంది. మొక్కల్లాగే నీళ్లను విడగొట్టి ఆక్సిజన్ వదిలేది ఇదే. ఒక్కోసారి నీళ్లలో బుడగలు కూడా కనిపిస్తాయి. ఆరో వారం నుంచి పదో వారం మధ్య బురద గోడల మీద ఇటుక ఎరుపు, ఊదా మచ్చలు తేలతాయి, వాటి కింద ముదురు ఆకుపచ్చ పొర. ఈ రెండూ కాంతితోనే బతుకుతాయి గానీ ఆక్సిజన్ వదలవు. నీళ్లకు బదులు ఆ కంపు గ్యాస్‌ను, హైడ్రోజన్ సల్ఫైడ్‌ను విడగొడతాయి. ఆకుపచ్చ గంధక బ్యాక్టీరియా ఆ గ్యాస్ ఎక్కువగా ఉన్నా తట్టుకుంటుంది కాబట్టి కింద ఉంటుంది. ఊదా రంగుది అంత తట్టుకోదు, కొంచెం పైన ఉంటుంది. పై నుంచి ఆక్సిజన్, కింద నుంచి గంధకం, పక్క నుంచి వెలుతురు: ఎవరికి ఏది ఎంత కావాలో చూసుకుని ఒక్కో జాతి తన అంతస్తు ఎంచుకుంది.

కిటికీ కోసిన సీసా దగ్గర ఫాయిల్ తీస్తే ఫొటో ముద్రించినట్టు ఉంటుంది. అగ్గిపెట్టె అంత చోట ఊదా, పచ్చ రంగు. చుట్టూ నలుపు.

రంగు కాగితాల సంగతికొద్దాం. జర్మన్ శాస్త్రవేత్త థియోడర్ ఎంగెల్‌మన్ 1883లో ఊదా బ్యాక్టీరియా మీద కాంతిని ఇంద్రధనుస్సులా విడగొట్టి వేసినప్పుడు, అవి మనకేమీ కనబడని పరారుణ భాగంలో గుంపు కట్టాయి. వాటిలోని రంగు పదార్థం 800 నుంచి 900 నానోమీటర్ల మధ్య కాంతిని బాగా పట్టుకుంటుంది. మొక్కల పత్రహరితం 700 దాటితే దాదాపు వదిలేస్తుంది. పైన నాచు కమ్మేసినా దాని కింద మిగిలిన కాంతితో ఊదా బ్యాక్టీరియా బతకగలగడం ఇందుకే. కాబట్టి మీ నీలం కాగితం సీసాలో కూడా ఊదా మచ్చ వస్తే ప్రయోగం చెడిపోయిందనుకోకండి. కాగితం ఆపలేని కాంతిని బ్యాక్టీరియా చూసింది.

రెండో ప్రయోగం: పెసర వేర్ల మీద లెక్క

సీసాలో ఎండ చంపడం కనబడదు. ప్లాస్టిక్ సీసా, కిటికీ అద్దం రెండూ అతినీలలోహిత కిరణాల్లో ప్రమాదకరమైన భాగాన్ని ఆపేస్తాయి. చంపే గుణం ఎక్కువగా ఉండేది ఆ కిరణాల్లోనే, అవి బ్యాక్టీరియా డీఎన్ఏను దెబ్బతీస్తాయి. సూర్యకాంతి బ్యాక్టీరియాను పెరగనివ్వదని ఇంగ్లండ్‌లో డౌన్స్, బ్లంట్ అనే ఇద్దరు 1877లోనే చూపించారు. మట్టిలో రంగున్న బ్యాక్టీరియాకు, గట్టి పెంకు బీజాలు (స్పోర్లు) కట్టుకునే బాసిల్లస్ లాంటి బ్యాక్టీరియాకు కొంత రక్షణ ఉంటుంది. రైజోబియానికి అలాంటి కవచం లేదు. దాన్ని లెక్కపెట్టడానికి ప్లేట్లు అక్కర్లేదు, వేరు మీద బుడిపెలు లెక్కపెడితే చాలు.

పెసరకు పనికొచ్చే తాజా రైజోబియం ప్యాకెట్, తేదీ చూసి కొనండి. ఇసుకను బాగా కడిగి, తడిగా ఉండగానే కుక్కర్‌లో అరగంట ఆవిరి పట్టండి. మన నేలల్లో పెసరకు బుడిపెలు కట్టే బ్యాక్టీరియా ముందే ఉంటుంది, దాన్ని వదిలించుకోకపోతే లెక్క తప్పుతుంది. రైజోబియం బీజాలు కట్టదు కాబట్టి ఒక్కసారి ఆవిరి చాలు. చిన్న చెంచా బెల్లం అర గ్లాసు నీళ్లలో మరిగించి పూర్తిగా చల్లార్చి, ఆ ద్రావణం కొద్దిగా చల్లి గింజలను తడిపి, ఒక చెంచా కల్చర్ పొడి పట్టించండి.

గింజలను నాలుగు వాటాలు చేయండి. ఒకటి గదిలో నీడన రెండు గంటలు. ఒకటి నడి ఎండలో తెల్ల కాగితం మీద రెండు గంటలు. మూడోది అదే ఎండలో, పైన నాలుగు అంగుళాల ఎత్తున ఫాయిల్ చుట్టిన అట్ట పందిరిలా నిలబెట్టి, పక్కల నుంచి గాలి ఆడేలా. ఇది వేడి, ఆరడం తగిలి, నేరు ఎండ తగలని వాటా. పందిరి కింద, బయట ఉష్ణోగ్రత రాసుకోండి. బయట 40 దాటుతుంటే ఆ రోజు వదిలేయండి, వేడే చంపేస్తుంది. ఉదయం 9 నుంచి 11 మంచి సమయం. నాలుగో వాటా కల్చర్ పట్టించని గింజలు.

ఒక్కో వాటాకు కనీసం ఐదు కుండీలు. కాచి చల్లార్చిన నీళ్లే పోయండి. పోషకాలకు చిటికెడు కట్టెల బూడిద సరిపోతుంది. యూరియా వేయవద్దు, నత్రజని ఊరికే దొరికితే మొక్క బుడిపెలు కట్టనివ్వదు. ముందుగా కల్చర్ లేని కుండీలకు నీళ్లు పోసి, తర్వాతే మిగతావి ముట్టుకోండి.

30 నుంచి 35 రోజులకు మొక్కను లాగకుండా, కుండీని నీళ్లలో ముంచి ఇసుక జారిపోయేలా తీయండి. బుడిపెలు లెక్కపెట్టి, నాలుగైదు కోసి చూడండి. లోపల గులాబీ రంగుంటే పనిచేస్తున్నట్టు. కల్చర్ లేని మొక్కకు బుడిపెలు ఉంటే ఇసుకో నీళ్లో కలుషితమైనట్టే, ఆ లెక్కలు పక్కన పెట్టి మళ్లీ చేయాలి. పందిరి వాటాకు, ఎండ వాటాకు మధ్య వచ్చే తేడానే వెలుతురుది. నీడ వాటాకు, పందిరి వాటాకు మధ్య వచ్చేది వేడి, ఆరడం రెండూ కలిసి చేసింది. ఈ రెండు తీసివేతల కోసమే ఇంత శ్రమ.

నీడ అంటే చీకటి కాదని కూడా ఇక్కడ చెప్పాలి. బఠాణీ వేర్లలో ఉండే రైజోబియంలో నీలి కాంతిని గుర్తుపట్టే ప్రొటీన్ ఉంది. 2012లో వచ్చిన ఒక పరిశోధనలో ఆ బ్యాక్టీరియాకు ముందుగా కాంతి చూపించి వేర్లకు ఇస్తే బుడిపెలు పెరిగాయి. కిరణజన్య సంయోగక్రియ చేయని, నేల లోపల బతికే జీవికి కూడా వెలుతురు ఒక కబురు అందిస్తోందన్నమాట. ఓపిక ఉంటే ఐదో వాటాగా పూర్తి చీకటి డబ్బాలో ఆరబెట్టిన గింజలు వేయండి. పెసరలో ఏమవుతుందో మీ లెక్కే చెప్పాలి.

పొలంలో దీని సంగతి

కల్చర్ ప్యాకెట్లను బండి ముందు ఎండలో వేలాడదీసి తీసుకెళ్లడం, చల్లిన తర్వాత పైన అలాగే వదిలేయడం మానాలి. పశువుల ఎరువులో కలిపి సాయంత్రం తడి నేల మీద చల్లి మట్టిలో కలిసేలా చేస్తే, రెండు మిల్లీమీటర్ల మట్టే గొడుగు అవుతుంది. జీవామృతం డ్రమ్మును చెట్టు నీడన పెట్టమనేదీ ఇందుకే. వరి మడిలో లెక్క తిరగబడుతుంది. వరి మడుల్లో నత్రజని చేరడానికి నీలి ఆకుపచ్చ నాచే కారణమని పి.కె. డే 1939లో చూపించారు. ఆ నాచుకు నాటు వేసిన తొలి వారాల్లో, పైరు కమ్ముకోకముందు నీళ్ల మీద పడే వెలుతురే బలం.

ఇక మిగిలింది రెండో సీసా. మూడు నెలలు ఫాయిల్ లోపల ఉంచిన ఆ చీకటి సీసాను పారబోయకండి. ఫాయిల్ విప్పి, మిగతా సీసాలున్న కిటికీ దగ్గరే పెట్టి, మళ్లీ ఆదివారం ఫొటోలు మొదలుపెట్టండి. బురద మార్చలేదు, ఏమీ కలపలేదు. సాధారణంగా కొన్ని వారాల్లో ఆ నల్లటి గోడ మీద మొదటి ఊదా చుక్క కనబడుతుంది.